పదముగ్గురి పటంలో మా మామ

“తల నరకాల్నా, కాళ్ళు నరకాల్నా? ఏదో ఒకటి జల్ది చెప్పక్కా, నా దుకాణంల ఇంక మంది కూసున్నరు.”

“మా మామను నరుకుడేంది అన్నా? నీకు నోరెట్ల వచ్చింది?”

“నరకకుంటే నీ పటంల పట్టడు.”

“పట్టియ్యి. పట్టియ్యనీకే గదా నీ దగ్గరికి వచ్చింది!”

“పక్కల తెల్లగ ఇడిసిపెడ్తనంటే వద్దంటివి. నరుకుతనంటే వద్దంటివి. పటాన్నే నిలువుగ తిప్పుమంటే అదీ వద్దంటివి. ఇగ నన్నే నరుకు, పీడ వోతది.”

ఇది జరిగింది బోధన్‌లో, బస్టాండు దగ్గరి ఒక ఫోటో స్టూడియోలో. పెళ్ళిచూపుల ఫోటో కోసం పౌడరు వేసుకుని వచ్చిన పిల్ల ఒకతి బెంచీ మీద కూర్చుని, పౌడరు చారలు చారలుగా కారిపోతున్నా తుడుచుకోకుండా మమ్మల్నే చూస్తోంది. పక్కన ఆమె తల్లి, చచ్చిపోయిన మనిషిని మళ్ళీ నరకడం గురించి ఇంత బేరం ఎందుకో అర్థంకాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజుల్లో ఫోటో అంటే బియ్యం, కిరసనాయిలు లాగా బజారుకు పోయి తెచ్చుకోవలసిన వస్తువు. ఇప్పుడు మా మనవరాలు పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా పిల్లిని, చాయ్ కప్పును, కిటికీ మీది పిచ్చుకను, చివరికి తన కాలి వేళ్ళను కూడా ఫోటో తీస్తుంది. ఒక్కటీ గోడకెక్కదు. ఆ రోజుల్లో అట్లా కాదు. ఒక మనిషి బతికినన్నాళ్ళకూ కలిపి ఒకటో రెండో ఫోటోలు మిగిలేవి. ఆ మనిషి పోయాక, ఆ ఫోటోలో ఎట్లా ఉంటే అట్లా ఉండేవాడనే లోకం అనుకునేది. ఫోటోలో గడ్డం మాసి ఉంటే జీవితాంతం గడ్డం గీసుకోలేదని, కన్ను మూసి ఉంటే ఒంటికన్నువాడని మనవలు అనుకున్న ఇళ్ళు మా ఎడపల్లిలోనే ఉన్నాయి. కనుక మా మామ ఫోటో విషయంలో నేను అంత పట్టుదలగా ఎందుకు ఉన్నానో మీరు అర్థం చేసుకోగలరు. (కొంత పట్టుదల కొత్త ఫ్రేము కొనడం ఇష్టం లేక వచ్చింది. అది కూడా చెప్పకపోతే మా ఆయన ఊరుకోడు.)

నేను నాలుగో తరగతి దాకా చదివాను. ఐదో తరగతి పక్క ఊళ్ళో ఉండేది. రోజూ నడిస్తే చెప్పులు అరుగుతాయని మా బాపు పంపలేదు. నా పొదుపు ఎక్కడి నుంచి వచ్చిందో దీంతో మీకు తెలిసిపోయి ఉంటుంది. పెళ్ళయి ఎడపల్లి వచ్చాక మిషను కుట్టడం నేర్చుకున్నాను. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టేదాన్ని. కొత్తవి కుట్టడం కంటే పాతవాటిని సరిచేయడంలోనే నాకు పేరుండేది. బాలింతలైన వాళ్ళు, ఒళ్ళు వచ్చిన వాళ్ళు బిగుతైన జాకెట్లు తెచ్చి నా ముందు పడేసేవాళ్ళు. నేను పక్కల కుట్టు విప్పి, లోపలికి మడిచి పెట్టిన గుడ్డను బయటికి తీసి, వదులు చేసి ఇచ్చేదాన్ని. లోకంలో బిగుతైనది ఏదైనా పక్కల కుట్టు విప్పితే సరిపోతుందని అప్పట్లో నా గట్టి నమ్మకం. ఈ కథంతా ఆ నమ్మకం వల్లనే జరిగింది.

మా మామ చెరుకు బండి తోలేవాడు. సీజను మొదలైతే చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరుసలో నిలబడి ఉండేవాడు. మనిషి నిలువెత్తు పొడుగు, ఒంట్లో మాత్రం ఏమీ లేదు. చొక్కా దండెం మీద ఆరేసినట్టు ఉండేది. తిండి తక్కువని కాదు. జొన్నరొట్టెలు ఎన్ని చేస్తే అన్నీ తినేవాడు, ఆ తర్వాత అన్నం తినేవాడు, ఆ తర్వాత పిల్లలు వదిలేసింది తినేవాడు. అదంతా ఎక్కడికి పోయేదో ఎవరికీ తెలియదు. మా అత్త ఆయనకు వడ్డించి వడ్డించి, ఆయన చొక్కా గుండీల వంక చూసి, ఏమీ మార్పు లేక నిట్టూర్చేది.

ఆమె నిట్టూర్పుకు కారణం ఏర్గట్లలో ఉండేది. మా మామకు అక్క ఒకామె, నేను పెద్దత్త అని పిలిచేదాన్ని. పసుపు అమ్ముడుపోయాక ఏటా ఒకసారి మా ఇంటికి వచ్చేది. సంచీ నిండా పసుపు తెచ్చేది, మంచిదే. కానీ సంచీ దించి మంచినీళ్ళు తాగగానే తమ్ముణ్ణి పైనుంచి కింది దాకా చూసి, అందరూ వినేటట్టు ఒకే మాట అనేది: “ఏం పెడ్తున్నవే మా తమ్మునికి? చెరుకు పిప్పి లెక్క అయిండు.” మా అత్త ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. వంటింట్లోకి పోయి గిన్నెలతో మాట్లాడేది. గిన్నెలు మాత్రం ఆ రోజు చాలా మాటలు పడేవి.

మామ మంచి పండు వయసులో, ఏ బాధా లేకుండా, తిని పడుకుని నిద్రలోనే పోయాడు. అయినా చర్చివాళ్ళు ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు వచ్చిన పెద్దత్త, పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పి కూర్చున్నాక, ఏడుస్తూ ఏడుస్తూ అందరి ముందూ ఆ మాటే ఇంకో తీరుగా అంది. “ఒంట్ల జర కండ ఉంటే ఇంక కొన్నేండ్లు ఉండెటోడు నా తమ్ముడు.” మా అత్త అప్పుడు కూడా ఏమీ అనలేదు. కానీ ఆ రోజు గిన్నెలతో కూడా మాట్లాడలేదు. అది చూసి నాకు భయమేసింది.

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ఊళ్ళో మెథడిస్టు కుటుంబాలన్నీ వస్తాయి, అయ్యగారు వస్తారు, ఏర్గట్ల నుంచి పెద్దత్త వస్తుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద మామ ఫోటో పెట్టి, దండ వేయాలి. మా అత్త నన్ను వంటింటి గడప దగ్గరికి పిలిచి చెప్పింది: “పిల్లా, పెద్దామె వస్తది. ఆయన జర మంచిగ కనవడాలె. గంతే, ఇంకేం అడుగ.” అత్త నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. అంతకు ముందు చెప్పడమే కానీ అడగడం లేదు. “నువ్వు ఫికర్ చెయ్యకు అత్తమ్మా, నేను చేపిచ్చుకొస్త” అన్నాను.

మామకు ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరో తీసింది. బండి పక్కన నిటారుగా నిలబడి ఉంటాడు. ఒక చేయి బండి మీద, ఇంకో చేతిలో ముల్లుకర్ర. వెనక ఒక చక్రం, సగం ఎద్దు. కాళ్ళకు కొత్త చెప్పులు. ఆ చెప్పులు మా అత్త నాట్లకు పోయిన కూలితో కొన్నవి, అందుకని అవి కనబడి తీరాలి. ఫోటో నిలువుది, చేతిలో పట్టేంత.

ఇక ఫ్రేము. మా ఆయన “బోధన్ల మంచి ఫ్రేము కొందాం” అన్నాడు. నేను “ఇంట్ల పటం పెట్టుకొని ఇంకోటి కొనుడు ఎందుకు? దండుగ” అన్నాను. మా ఇంట్లో నిజంగానే ఒక గొప్ప ఫ్రేము ఉంది. మా అత్త పెళ్ళికి ఎవరో కానుకగా ఇచ్చిన, ప్రభువు శిష్యులతో రాత్రి భోజనానికి కూర్చున్న పటం. ఒక వానాకాలం కప్పు కారి, లోపలి కాగితం అద్దానికి అతుక్కుపోయి, శిష్యుల మొహాలు ఒకరివి ఒకరిలో కలిసిపోయాయి. అత్త ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఒలిచి పెట్టెలో దాచింది. టేకు చెక్క, గట్టి అద్దం మాత్రం చెక్కు చెదరలేదు. కింది చెక్క మీద ద్రాక్షగుత్తులు చెక్కి ఉంటాయి. అద్దమంటే అద్దం, చెక్కంటే చెక్క. ఇప్పుడట్లాంటివి రావు. దాంట్లో ఉన్న చిన్న ఇబ్బంది ఏమిటంటే, పదమూడు మంది వరుసగా బల్ల వెంట కూర్చున్న పటం కాబట్టి దాని ఎత్తుకు వెడల్పు రెండింతలు. మా మామ ఒక్కడు, పైగా నిలబడి ఉన్నాడు. ఇది నాకు ఇబ్బందిగా తోచలేదు. పదముగ్గురికి సరిపోయిన పటం ఒక్కడికి సరిపోదా అనుకున్నాను.

అట్లా ఫ్రేమును పాత చీరలో చుట్టుకుని, మామ ఫోటోను సంచీలో పెట్టుకుని బోధన్ పోయాను. స్టూడియో ఆయన్ను అందరూ నవ్వులన్న అనేవాళ్ళు. వచ్చిన ప్రతివాణ్ణీ “నవ్వుండ్రి, నవ్వుండ్రి” అని వేధిస్తాడు, తాను మాత్రం ఎన్నడూ నవ్వడు. అప్పుడప్పుడే ఆయన దుకాణంలోకి కంప్యూటరు వచ్చింది. మామ ఫోటోను ఒక పెట్టెలో బోర్లించి మూత వేశాడు. కాసేపటికి మామ కంప్యూటరు తెర మీద నిలబడ్డాడు. ముల్లుకర్రతో సహా. నేను గబుక్కున కొంగు నెత్తి మీదికి లాక్కున్నాను.

నవ్వులన్న నా ఫ్రేముకు టేపు పెట్టి కొలిచాడు, ఫోటోను కొలిచాడు, తల గోక్కున్నాడు. “అక్కా, గిది పండుకున్న పటం. గాయన నిలవడ్డ మనిషి. ఎట్ల కుదురుతది?” అన్నాడు. తర్వాత నాకు ఒక్కొక్కటీ చూపించాడు. మామను పటం వెడల్పంతా నిండేటట్టు పెంచితే, ఎత్తు కూడా దాంతోపాటు పెరిగిపోయి, పటంలో మెడ నుంచి బొడ్డు దాకా మాత్రమే మిగిలింది. “గిట్లయితే తల పైకి, కాళ్ళు కిందికి నరకాలె. ఏదన్న ఒకటి కావాల్నంటే పటాన్ని జరుపుత. తల చూసుకో, లేకుంటే చెప్పులు చూసుకో.” అది కాదంటే తల నుంచి చెప్పుల దాకా పట్టేటట్టు చిన్నగా చేశాడు. అప్పుడు మామ నడుమ సన్నగా నిలబడ్డాడు, రెండు పక్కలా తెల్ల కాగితం. అందరూ తిని లేచిపోయిన బంతిలో ఒక్కడే నిలబడిపోయినట్టు ఉన్నాడు. పైగా అంత తెలుపు నడుమ ఇంకా సన్నగా కనిపించాడు. పెద్దత్త ఏమంటుందో నాకు అక్కడే వినిపించింది. “ఉత్త తెల్ల కాగితానికి గూడ పైసలు తీసుకుంటవా అన్నా?” అన్నాను. “తీసుకుంట” అన్నాడు. అదీ పోయింది.

“పోనీ పటాన్నే నిలువుగ తిప్పు. చానా మట్టుకు పడ్తడు” అన్నాడు. అది నిజంగా మంచి సలహా. ఇప్పుడు నాకు తెలుసు. కానీ పటాన్ని నిలబెట్టి చూస్తే ద్రాక్షగుత్తులన్నీ ఒక పక్క గోడకు అంటుకుని అడ్డంగా కాస్తున్నాయి. ప్రభువు కూర్చున్న పటాన్ని పక్కకు పడుకోబెట్టి తెచ్చావా అని అత్త అడిగితే నేనేం చెప్పాలి? వద్దన్నాను. మొదట్లో మీరు విన్న జగడం ఇక్కడ మొదలైంది.

జగడం మధ్యలో నాకు నా వృత్తి గుర్తుకొచ్చింది. “అన్నా, నరుకుడు వద్దు, తెలుపు వద్దు. పొడుగు బరాబర్ ఉన్నది గదా? దాన్ని ముట్టకు. వెడల్పే సాలుతలేదు. పక్కల కుట్టిప్పినట్టు రెండు దిక్కుల జర వదులు చెయ్యి. గంతే.”

నవ్వులన్న నా వైపు తిరిగాడు. “అక్కా, జాకెట్ల లోపలికి మడిచిన గుడ్డ ఉంటది, ఇప్పుతవు. ఫోటోల యాడుంటది? ఉన్నదంత బయటనే ఉన్నది. పక్కకు గుంజితే ఉన్న మనిషే సాగుతడు. సూడు.” ఆయన చేతి కింది మౌసు జరిపి, మామ ఫోటో మూల పట్టుకుని లాగాడు. మామ మామలాగే పెద్దగా అయ్యాడు. “మూలకు పట్టి గుంజితే పొడుగు, వెడల్పు జోడుగ పోతయి. మనిషి మారడు. గిప్పుడు పక్క పట్టి గుంజుత, సూడు.” మామ కొంచెం వెడల్పయ్యాడు. నేను తెర దగ్గరికి వంగాను. నిజం చెప్పాలంటే ఆ కొంచెం బాగానే ఉంది. బుగ్గలు వచ్చాయి. చొక్కా నిండింది.

“గదే! గట్లనే పటం నిండెదాక పోనియ్యి” అన్నాను.

“ఇంక మస్తు దూరమున్నది అక్కా. నిండెదాక గుంజితే గాయన గాయన లెక్క ఉండడు. తర్వాత నన్ను అనొద్దు.”

“అన. ఇది మా ఇంటి మనిషి, నాకెర్కలేదా? గుంజు.”

ఆయన కొలతలు చీటీ మీద రాసుకున్నాడు. పౌడరు పిల్ల వైపు తిరిగి “నవ్వుండ్రి” అన్నాడు. ఆ పిల్ల అప్పటికే నవ్వుతోంది.

అంత పెద్ద ఫోటో బోధన్‌లో అచ్చు వేయరు. నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర కొట్టించి బస్సు మీద తెప్పించాలి. కనుక పూర్తిగా సాగిన మామను నేను అప్పుడు చూడలేదు. కూడికకు ముందురోజు మధ్యాహ్నం మా ఆయన పోయి గొట్టంలాగా చుట్టిన కాగితం తెచ్చాడు. ఇంట్లో అత్త లేదు, చర్చి గుడి ఊడ్వడానికి పోయింది. మేమిద్దరం నేల మీద కూర్చుని, కాగితం విప్పి, అద్దం కింద పరిచి, వెనక అట్ట పెట్టి చిన్న మేకులు కొట్టాము. ఒక్క వెంట్రుకవాసి ఖాళీ లేకుండా సరిపోయింది. నా కొలత తప్పలేదని సంతోషపడుతూ పటాన్ని లేపి గోడకు ఆనించాను. ఇద్దరం వెనక్కి జరిగి చూశాము.

“ఏమే, గీయన ఎవరు?” అన్నాడు మా ఆయన.

“మీ బాపు.”

“మా బాపా? మా బాపును మింగి కూసున్నోని లెక్కున్నడు.”

పటం నిండా ఒక పెద్దమనిషి. ముఖం పొయ్యి మీద పొంగిన రొట్టె. భుజాలు ఈ ద్రాక్షగుత్తి నుంచి ఆ ద్రాక్షగుత్తి దాకా. చేతిలో ముల్లుకర్ర రోకలి అయింది. మా అత్త కూలి డబ్బులతో కొన్న చెప్పులు రెండు చేటలయ్యాయి. వెనక ఉన్న సగం ఎద్దు ఇప్పుడు ఒక ఎద్దున్నర ఉంది. అన్నిటికంటే చక్రం నన్ను భయపెట్టింది. గుండ్రని బండి చక్రం పక్కకు దొర్లిన కోడిగుడ్డులాగా ఉంది. మనిషి ఒళ్ళు చేశాడంటే నమ్మవచ్చు, చక్రం ఏం తిని ఒళ్ళు చేసింది? నవ్వులన్న చెప్పింది అప్పుడు నా తలకెక్కింది. మనిషిని ఒక్కణ్ణే లాగడం కుదరదు. ఫోటోలో ఉన్నవన్నీ కలిసే సాగుతాయి.

“పెద్దత్త రేపు పొద్దుగాల్నే దిగుతది” అన్నాడు మా ఆయన. మేనత్తను ఆయన కూడా అట్లాగే పిలిచేవాడు, తల్లిని మాత్రం అవ్వ అనేవాడు. “కొత్త ఫ్రేము కొందాం, కొందాం అంటే ఇంటివా? అవ్వ వచ్చెలోపల దీన్ని యాడనన్న పెట్టు.”

నేను మాత్రం పటం వెనక మేకులు ఊడదీస్తున్నాను. చేతులు అలవాటుకొద్దీ కాగితాన్ని రెండు పక్కలా చిటికెడు చిటికెడు పట్టి చూశాయి. అక్కడ సన్నగా ఒక మడత పడింది, చక్రం కాస్త గుండ్రమైంది. “పిన్నులు పెట్టి సూద్దామా?” అన్నాను.

“మా బాపుకు కుచ్చిళ్ళు పెడ్తవా?” అని ఆయన కాగితం లాక్కుని, మళ్ళీ అద్దం కింద పెట్టి, పటాన్ని గోడ వైపు తిప్పేసరికి గడపలో మా అత్త నిలబడి ఉంది. చేతిలో చీపురు అట్లాగే ఉంది.

“ఇటు తిప్పు” అంది.

తిప్పాడు. అత్త చీపురు మూలకు పెట్టింది. వచ్చి పటం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను ఆమెకు, పటానికి నడుమ నిలబడితే, “జరుగు పిల్లా, ఎల్తురుకు అడ్డమొస్తున్నవ్” అంది. జరిగాను. చాలాసేపు చూసింది. ఎంతసేపంటే, బయట ఎండ ద్రాక్షగుత్తుల మీది నుంచి మామ చెప్పుల మీదికి ఎక్కింది.

“చెప్పులు మంచిగ కనవడ్డయి” అంది.

తర్వాత చూపు చెప్పుల మీది నుంచి పైకి పోయింది.

“ఒళ్ళొచ్చింది” అంది మళ్ళీ.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. “అవ్వా, అది తప్పువడ్డది. అక్కడ కంప్యూటర్ల గుంజిండ్రు. నేను రేపు తెల్లారకముందే పోయి ఎట్లనన్న సాపు చేపిచ్చుకొస్త.”

“ఏం తప్పు?”

“బాపు గిట్ల లేకుండె గదనే.”

“లేకుండె. నాకెర్కలేదా?” అత్త లేచి, కొంగుతో అద్దం మీది వేలిముద్రలు తుడిచింది. “ఎట్ల కావాల్నని ఇన్నేండ్లు పెట్టిన్నో, గట్లయిండు. ముట్టకుండ్రి.”

ఆ మాట తర్వాత ఎవరం ముట్టలేదు. ఆ పటం ఈ రోజుకూ మా ఇంట్లో గోడకుంది. అత్త పోయింది, పెద్దత్త పోయింది, నవ్వులన్న దుకాణం ఉన్నచోట ఫోన్లు బాగుచేసే అంగడి వచ్చింది. మా మనవరాలు మాత్రం తన ముత్తాత పెద్ద పైల్వాన్ అని బడిలో చెప్పి వచ్చింది. నేను సరిదిద్దలేదు. ఆ పిల్ల మొన్న తన ఫోన్లోని ఫోటో ఒకటి అచ్చు వేయించడానికి పోతూ, కాగితం సైజుకు సరిపోవడం లేదని వేలితో పక్కకు లాగబోతుంటే, “పక్క పట్టకు, మూల పట్టు. మిగిలితే తెల్లగ ఇడిసిపెట్టు, పోతే పోనీ” అన్నాను. తెల్ల కాగితానికి డబ్బులివ్వమని నేను అనడం విని మా ఆయన లోపల్నుంచి వచ్చి నా నుదురు పట్టి చూశాడు, జ్వరమేమోనని. జ్వరం లేదు. ఆ రోజు టేపు మెడలో వేసుకుని, లోకమంతా పక్కల కుట్టు విప్పితే వదులవుతుందని నమ్మిన ఆనాటి కోడలుపిల్ల ఇప్పుడు కనబడితే నేను ఆమెను ఏమీ అనను. నన్నైతే ఎవరూ గుంజకుండానే నేనూ ఆ పటమంత వెడల్పయ్యాను. నా జాకెట్ల లోపల మడిచిన గుడ్డ ఎప్పుడో అయిపోయింది.

ఇక ఆనాటి కూడిక రోజు పొద్దున జరిగింది చెప్పాలి. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పటం పెట్టాము. పొడుగు మనిషికని చేయించిన దండ అడ్డానికి చాలక, పటం నడుమ మామ గడ్డం కింద వేలాడింది. అయ్యగారు వచ్చి కూర్చున్నారు. మొదటి బస్సుకు పెద్దత్త దిగింది. పసుపు సంచీ గడప దగ్గర దించి, అందరికీ వందనాలు చెప్పి, మంచినీళ్ళు తాగి, బల్ల దగ్గరికి పోయింది. పటాన్ని పైనుంచి కింది దాకా చూడబోయి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడవలసి వచ్చింది. మా ఆయన గోడ వైపు తిరిగాడు. నేను జంపఖానా సర్దుతున్నట్టు వంగాను.

“గీ చక్రమేందే గిట్లున్నది, కోడిగుడ్డు లెక్క?” అంది పెద్దత్త.

“నీ అద్దాలు తుడుసుకో వదినా” అంది అత్త.

పెద్దత్త కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పెట్టుకుని మళ్ళీ చూసింది. “నా తమ్ముడు గింత ఒళ్ళు ఎప్పుడు చేసిండు?”

“నువ్వు రాని దినాలల్ల” అంది అత్త.

పెద్దత్త పోయి జంపఖానా మీద కూర్చుంది. అయ్యగారు ప్రార్థన చేశారు, పాట పాడారు, వాక్యం చెప్పారు. ఆ తర్వాత వరుసగా జంపఖానా మీద కూర్చున్న అందరికీ అన్నాలు పెట్టాము. అత్త తానే గంటె పట్టుకుని వచ్చింది. పెద్దత్త ఆకు ముందు వంగి, ఆమె వద్దంటున్నా వినకుండా ఇంకో గంటెడు వేసింది.

“తిను వదినా” అంది. “మస్తు చిక్కినవ్.”